మంచు బండి తౌనో మెట్ల పక్క గులాబీ

మా ఊరు హాపవారలో గులాబీల సంగతి ఎవరిని అడిగినా మా ఇల్లు చూపిస్తారు. చూపించక ఏం చేస్తారు? ముప్పై ఏళ్ళపాటు అలా చూపించమని వాళ్ళకి చెప్పింది నేనే.

మా అమ్మ నాకు హిల్యా అని పేరు పెట్టింది. మా భాషలో నిశ్శబ్దం అని అర్థం. పుట్టినప్పుడు ఏడవలేదట పాపం, ఆవిడ మోసపోయింది. చదువు ఊరి బడిలో ఆరేళ్ళు. మిగతా చదువంతా వంటింటి కిటికీ దగ్గర. అది సరిగ్గా రోడ్డు మీదికి ఉంటుంది. పిట్టల్ని చూడడానికని అక్కడ ఒక దుర్భిణి పెట్టుకున్నాను. పిట్టలు రాని రోజుల్లో మనుషుల్ని చూస్తాను. మా ఊరికి పిట్టలు తక్కువే వస్తాయి.

ఇప్పుడు చెప్పబోయేది రోడ్డుకి అవతల ఉండే తౌనో సంగతి. అతని బతుకులో నా నోరు ఎక్కడపడితే అక్కడ అడ్డం పడింది కాబట్టి నన్ను తప్పించి చెబుదామన్నా కుదరడం లేదు.

తౌనో మంచు బండి డ్రైవరు. ముందు నాగలికర్రులాంటి పెద్ద ఇనప పలక, పక్కకి చాచే రెక్క ఉన్న లారీ అది. అక్టోబరు చివర నుంచి ఏప్రిల్ దాకా, పాలబండీ బడి బస్సూ కదిలేలోపల మా రోడ్లన్నిటి మీదా మంచు ఊడ్చేవాడు. అలా ముప్పై నాలుగు చలికాలాలు. సెలవు పెట్టింది ఒక్కరోజు, వాళ్ళమ్మ పోయినప్పుడు. ఆ రోజు కూడా చర్చికి వెళ్ళే దారి తనే ఊడ్చి, బండి పక్కన పెట్టి, ఆ తర్వాత నల్లకోటు తొడుక్కున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నేను పదేళ్ళు ఆరా తీశాను. చివరికి తేలింది ఏమిటంటే, పెళ్ళి చేసుకోవాలంటే ముందు ఎవరో ఒకరు నోరు విప్పి అడగాలి. తౌనో రోజుకి వాడే మాటలు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.

నాకూ అతనికీ తగాదా మా కంచె దగ్గర వచ్చింది. కంచె పక్కన నా గులాబీ ఉండేది.

ఆ గులాబీని కాయాని పట్నం సంతలో దక్షిణాది నుంచి వచ్చిన ఒకాయన దగ్గర కొన్నాను. ఎర్రటి ఎరుపు, ఒక్కో పువ్వు క్యాబేజీ అంత. దాని మెడలో చీటీ, చీటీ మీద మూడు అని అంకె. మా దేశంలో నేలని చలి మండలాలుగా పంచి అంకెలు వేశారు. ఒకటో మండలం సముద్రం ఒడ్డున మెత్తగా బతికేవాళ్ళది, ఎనిమిదోది రెయిన్‌డీర్లది. మాది ఆరు. మూడో మండలం మొక్క ఆరులో నిలవదని ఆ చీటీ మర్యాదగానే చెప్పింది. కాని ఎవరైనా కుదరదని చెబితే నాకు అరిచేతులు దురద పెడతాయి. కొన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడాలని కంచె పక్కనే నాటాను. చోటు చాలకపోతే, మా అత్తగారు పెట్టిన తెల్లపూల నాటు గులాబీ పొద ఒకటి అక్కడ ఉండేది, దాన్ని తవ్వి అవతల పారేశాను. అది ముసలమ్మల పొద, ప్రతి పెరట్లోనూ ఉండేది, దానికేం గొప్ప?

ఎర్ర గులాబీ బతికింది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఏటేటా పూసింది. ఊరు నోరెళ్ళబెట్టింది. ఎలా బతికించావే అని అడిగారు. నాకూ తెలియదు అనడానికి నా నోరు తిరగదు. కాఫీ పిప్పి వెయ్యాలన్నాను. భూర్జ కట్టెల బూడిద చల్లాలన్నాను. వసంతంలో పడ్డ మొదటి చేప తల పాతిపెట్టాలన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ పొద్దున్నే దానితో మాట్లాడాలన్నాను. మహిళా సంఘంవాళ్ళు నన్ను పిలిచి మూడుసార్లు ఉపన్యాసం ఇప్పించారు. ఆ ఏడు ఊళ్ళో కాఫీ పిప్పి పారేసిన ఇల్లు లేదు. నా మాట విని ఎందరో తమ తెల్లపూల పొదలు తవ్వేసి సంత గులాబీలు నాటారు. ఆ గులాబీలన్నీ మరుసటి వసంతానికి చచ్చి ఊరుకున్నాయి. "మీరు మనసు పెట్టి మాట్లాడి ఉండరు" అన్నాను.

నాకున్న ఒకే ఒక్క శత్రువు తౌనో. రోడ్డంతా సవ్యంగా ఊడ్చుకొచ్చేవాడు సరిగ్గా మా కంచె దగ్గరికి వచ్చేసరికి రెక్క వంచి, మంచునంతా తెచ్చి నా గులాబీ మీద పోసేవాడు. నా గుండెలదాకా గుట్ట. నేను చీపురు పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తేదాన్ని.

"ఒరే తౌనో, నీకు కళ్ళు లేవా! నా బిడ్డ నడుం విరుగుతుందిరా!"

అతను స్టీరింగు మీద నుంచి ఒక వేలెత్తి పలకరించి పోయేవాడు. రోడ్ల ఆఫీసుకి ఏటా ఒక ఉత్తరం రాసేదాన్ని. చివరికి తౌనో పదవీ విరమణ చేశాడు. కొత్త డ్రైవరు నా ఉత్తరాలన్నీ చదివి వచ్చినట్టున్నాడు, మా కంచె రాగానే రెక్క పైకెత్తి, ఆ మంచు అవతలి వైపు పోశాడు. ఆ రోజు యాలకుల రొట్టెలు చేసి అతనికి బండిలోకి అందించాను.

ఆ తర్వాత గులాబీ కాస్త మారింది. ఒక వేసవి అసలు పూయలేదు. మరుసటి ఏడు లేత గులాబిరంగులో, ఐదంటే ఐదు రేకులతో, బొత్తాలంత పూలు పూసింది. "వయసు మీదపడింది. మనకి పళ్ళు ఊడడం లేదూ? దానికి రేకులు ఊడుతున్నాయి" అని ఊరికి చెప్పాను. ఊరు నమ్మింది. నేను అందరికంటే ముందే నమ్మాను.

అలాంటి రోజుల్లో ఒక మే నెల ఉదయం తౌనో టోపీ చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళ తగాదాలో ఒక్కసారి కూడా గడప తొక్కనివాడు! కాఫీ పోశాను. మోకాళ్ళ సంగతి అడిగాను, ఇంటి కప్పు సంగతి అడిగాను, బంగాళాదుంపలు నాటాడా అని అడిగాను. మూడో కప్పు సగానికి వచ్చాక అన్నాడు.

"గులాబీ కావాలి."

"ఎవరికి?"

"మెట్ల పక్కకి."

"మెట్లు అడిగాయా?"

చెవులదాకా ఎర్రబడ్డాడు. "ఒక మనిషి ఉంది" అన్నాడు.

ఇక నేను వదులుతానా? చేపలోంచి ముల్లు తీసినట్టు ఒక్కో మాటా తీశాను. ఆవిడ పేరు సైమి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పట్నంలో ఒక బడిలో వంట చేసి మానేసింది. సరస్సు ఒడ్డున డాన్సు మండపంలో మూడు వేసవులుగా ఇద్దరూ టాంగో ఆడుతున్నారు. మూడు వేసవులు! దుర్భిణి మండపందాకా అందదు మరి.

"మరి అడిగావా?"

"అడిగాను."

కాఫీ కూజా బల్ల మీద పెట్టేశాను. "ఏమని అడిగావురా?"

"మా ఇంట్లో ఇంకో కుర్చీ ఉంది, అన్నాను."

"ఓరి నా తండ్రీ! ఆవిడేమంది?"

"కుర్చీలు నా దగ్గరా ఉన్నాయి, అంది." కప్పులోకి చూస్తూ మిగిలింది కూడా ఒకేసారి చెప్పేశాడు. బహుశా దారంతా వల్లె వేసుకుని ఉంటాడు. "నలభై ఏళ్ళు మూడో అంతస్తులో బతికాను, మెట్ల పక్కన గులాబీ లేని ఇంటికి రాను, అంది. వచ్చే ఏడాది నడివేసవి పండుగకి వచ్చి చూస్తానంది. లేకపోతే దక్షిణాన చెల్లెలి దగ్గరికి పోతుందిట. చెల్లెలు పిలుస్తోంది." ఊపిరి తీసుకున్నాడు. "మా పెరట్లో ఏముంది, హిల్యా. మంచు బండి పాత రెక్క ఒకటి తుప్పు పట్టి ఉంది. ఏది బతుకుతుందో నీకు తెలుసు కదా అని వచ్చాను."

నాకు తెలుసా! నేను అప్పటికే బీరువా మీద నుంచి బొమ్మల పుస్తకం దించుతున్నాను.

నేను ఎంచిన మూడు గులాబీల్లో ఒకటి మీగడరంగు, ఒకటి ముదురెరుపు, ఒకటి సాయంకాలపు ఆకాశంలా ఉంటుందని పుస్తకంలో రాసి ఉంది. తౌనో కళ్ళజోడు పెట్టుకుని బొమ్మల కింద సన్నక్షరాలు చదివాడు.

"రెండో మండలం అని ఉంది."

"అవి పిరికివాళ్ళు రాసే అంకెలు."

"మనది ఆరు."

"నాది మూడు. నా కంచె దగ్గర చూడు, చచ్చిందా?"

చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి, కాఫీ తాగేశాడు. ఆ రోజు అతను అనబోయిన మాట అనేదాకా నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది.

జూన్‌లో మూడు మొక్కలూ మెట్ల పక్కన నాటించాను. కాఫీ పిప్పి వేయించాను. తౌనో చేత మాట్లాడించాను కూడా. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని "చల్లగా ఉంది" అనేవాడు వాటితో. మర్నాడు "ఇవాళా చల్లగానే ఉంది" అనేవాడు. అక్టోబరులో వాటి చుట్టూ స్ప్రూస్ చెట్టు కొమ్మలు పేర్చి గోనెగుడ్డ కట్టాం. మంచు పడడం మొదలైంది.

"మంచు పడ్డప్పుడల్లా చీపురుతో దులిపెయ్యి. బరువుకి కొమ్మలు విరుగుతాయి" అన్నాను.

"మంచు వెచ్చన, హిల్యా."

"ఏమిటీ?"

"కింద వెచ్చగా ఉంటుంది. కుందేళ్ళు అందుకే..."

"గులాబీల మనిషివి నువ్వా, నేనా?"

ముప్పై నాలుగేళ్ళు మంచుతోనే బతికినవాడికి మంచు గురించి పాఠం చెప్పాను. అతను తలవంచుకుని చీపురు తీసుకున్నాడు. ఆ చలికాలమంతా, పడ్డ మంచు పడ్డట్టే దులిపాడు. జనవరిలో మైనస్ ముప్పై ఆరు వచ్చి పదకొండు రోజులు కదల్లేదు.

మేలో మంచు కరిగాక నన్ను పిలిచాడు. మెట్ల పక్కన మూడు నల్లటి పుల్లలు ఉన్నాయి.

"నిద్రపోతున్నాయి" అన్నాను.

తౌనో ఒకటి పట్టుకుని వంచాడు. అగ్గిపుల్లలా టప్పున విరిగింది. "చచ్చాయి, హిల్యా."

"ఒక్కోసారి..."

"చచ్చాయి."

పండుగకి ఇంకా అయిదు వారాలుంది. తౌనో కాసేపు ఆ పుల్లల్ని చూసి, రోడ్డు దాటి మా కంచె దగ్గరికి వెళ్ళి, నా గులాబీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేనూ వెనకే వెళ్ళాను. బొటనవేలితో మొదట్లో మట్టి గీకాడు. పిడికిలంత ముడి ఒకటి బయటపడింది. ముడి పైన ఉన్న మొద్దు నల్లగా, పుచ్చిపోయి ఉంది. ముడి కింద నుంచి మాత్రం పచ్చటి పిలకలు లేచి ఉన్నాయి.

"ఇది అంటు మొక్క" అన్నాడు. "పైన కట్టింది నీ ఎర్ర గులాబీ. కిందది అడవి గులాబీ. పైది చచ్చిపోయింది. పూస్తున్నది అడుగుది."

"ఎప్పుడు చచ్చింది?"

తౌనో రోడ్డు వైపు చూశాడు, కంచె వైపు చూశాడు. అతను అబద్ధం వెతుక్కుంటున్నాడని, దొరకడం లేదని నాకు అర్థమైంది.

"నేను మానేసిన ఏడు అయ్యుండాలి."

"నువ్వు మానేస్తే దానికేం?"

"ఇక్కడ రెక్క కాస్త వంచేవాణ్ణి. అటు పొలం వైపు మంచు మెత్తగా, దూదిలా ఉంటుంది. మన రోడ్డుకి మంచు కరిగించే ఉప్పు చల్లరు కదా. మొదటి ఏడు పొరపాటున పడింది. వసంతంలో చూస్తే కింద కొమ్మ పచ్చగా ఉంది. అందుకని ఇంక ఏటా..." భుజాలు ఎగరేశాడు. "నీకు అదంటే ఇష్టం కదా."

నేను చీపురు పట్టుకుని పరిగెత్తిన ఉదయాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఉత్తరాలు, ఉపన్యాసాలు, చేప తలకాయలు.

"మరి చెప్పలేదేమిట్రా!"

"నువ్వు అడగలేదు. అరిచావు."

ఇంటికి వచ్చి, నా జీవితంలో మొదటిసారి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. నాలుగేళ్ళుగా పొద్దున్నే నేను ముద్దుగా పలకరిస్తున్నది ఎవరినో ముక్కూమొహం తెలియని అడవి మొక్కని. అదీ పోనీ అనుకుంటే, రోడ్డుకి అవతల ఒక మనిషి డెబ్బయి ఏళ్ళకి దగ్గరపడ్డాక నోరు విప్పి ఒకటి అడిగితే, ఆ పని నా చేతిలో పెడితే, నేను మూడు పుల్లలు చేసి పెట్టాను.

మర్నాడు వెళ్ళి చెప్పాను. "తౌనో, నన్నింక అడక్కు. నాకు గులాబీల గురించి ఏమీ తెలియదు."

"అవును" అన్నాడు. కాస్త కాదనచ్చు కదా! "నీకు తెలిసింది జనం. ఎవరింట్లో ఏముందో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. వెళ్ళి అడుగు. ఎవరూ చూసుకోకపోయినా ఏది బతుకుతోందో అడుగు."

అది నాకు చేతనైన పని. సైకిలెక్కాను. వారంపాటు చుట్టుపక్కల కొండవాలు ఇళ్ళన్నీ తిరిగాను. వెళ్ళిన ప్రతి వంటింట్లోనూ ఒకే ప్రశ్న వేసి, కష్టంమీద నోరు మూసుకుని, జవాబు విన్నాను. కాఫీ పిప్పి మాట ఒక్కచోట కూడా ఎత్తలేదు. అయిదుగురు ముసలమ్మలు అయిదు ఊళ్ళ నుంచి ఒక్కటే చెప్పారు. మూసేసిన మా ఊరి బడి వెనకాల తెల్లపూల పొద ఉంది. ఒకసారి ఆవు మొదలంటా మేసింది. పక్కనున్న ఆవిరి స్నానాల గది కాలిపోయినప్పుడు దానితోపాటు కాలింది. ఒకసారి ట్రాక్టరు ఎక్కింది. అయినా ఏటా నడివేసవికి తెల్లగా విరగబూస్తుంది. అంటు కాదు, సొంత వేరు. పైన చచ్చినా కింద నుంచి మళ్ళీ అదే లేస్తుంది.

ముసలమ్మల పొద! మా అత్తగారిది, నేను తవ్వి పారేసింది, నా మాట విని ఊరంతా తవ్వి పారేసింది. ఆ పొద పక్కన కూర్చుని ఆరేళ్ళు చదువుకున్నాను కూడా.

మూసేసిన ఆ బడి ఇప్పుడు ఎల్మా ఇల్లు. ఆవిడకి ఎనభై దాటాయి. వాళ్ళమ్మ అదే బడిలో పొయ్యిలు వెలిగించేది. నేనూ తౌనో పారా, తడి గోనెసంచీ పట్టుకుని మధ్యాహ్నం పూట వెళ్ళాం. మా వైపు మొక్క అడిగి తీసుకోకూడదు, తీసుకున్నాక కృతజ్ఞత చెప్పకూడదు. చెబితే నిలవదు. దొంగిలించిన మొక్కే వేరు పట్టుకుంటుంది. అందుకని పరువుగల కుటుంబాలన్నీ తరతరాలుగా ఒకళ్ళ పెరట్లో ఒకళ్ళు దొంగతనాలు చేసుకుంటూ, చూడనట్టు నటిస్తూ బతికాం. ఇది తౌనోకి తెలియని సంగతి కాదు.

ఎల్మా గుమ్మంలోంచి పారని చూసింది, సంచీని చూసింది. "ఏమే హిల్యా, గాలికి తిరుగుతున్నారా?"

"గాలికే, ఎల్మక్కా."

"నేను లోపలికి పోయి కాఫీ చూసుకోవాలి. మా కాఫీ కాగడానికి పావుగంట పడుతుంది. ఆ కిటికీలోంచి పెరడు కనబడదు." కిటికీలోంచి పెరడంతా అద్దంలా కనబడుతుంది.

ఆవిడ వెనక్కి తిరిగిందో లేదో తౌనో టోపీ తీశాడు. "ఎల్మా, ఒక పిలక తీసుకోవచ్చా?"

ఎల్మా చెంపలు వాయించుకుంది. "అడిగాడు! పొండి అవతలికి! అడిగిన మొక్క ఇచ్చి నేను పాపం మూటకట్టుకోనా?"

"వాడు అడగలేదు, ఎల్మక్కా, దగ్గాడు" అన్నాను.

"దగ్గితే సరే" అని లోపలికి పోయింది.

ముళ్ళ మధ్య మోకాళ్ళ మీద పాకుతూ, చెయ్యంత పొడుగు పిలక ఒకటి వేళ్ళతో సహా తవ్వి సంచీలో చుట్టాం. కాఫీ తాగాం. వాతావరణం గురించి, దోమల గురించి మాట్లాడుకున్నాం. నేను నాలుక పళ్ళ కింద నొక్కి పెట్టుకుని ఉన్నాను, ఎక్కడ నోరు జారుతానోనని. గేటు దాటుతున్నాం. తౌనో వెనక్కి తిరిగాడు. ఏడాదికి ఒకసారి కూడా వాడని మాట, ఆ క్షణాన, మనసు నిండిపోయి, వాడాడు.

"చాలా థాంక్స్, ఎల్మా."

ఎల్మా మళ్ళీ చెంపలు వాయించుకుంది.

"వెనక్కి పెట్టండి" అంది ఎల్మా. "పోయి ఆ గోతిలోనే పెట్టి మట్టి కప్పండి. నేను మళ్ళీ కాఫీ పెడతాను."

మళ్ళీ పెట్టాం. మళ్ళీ తవ్వాం. మళ్ళీ కాఫీ తాగాం. ఈసారి గేటు దాటేదాకా తౌనో నోటికి నా చెయ్యి అడ్డం పెట్టి నడిపించుకొచ్చాను. నా చెయ్యి ఇంకొకళ్ళ నోటికి అడ్డం పెట్టవలసి వచ్చిందంటే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు.

ఆ పిలకకి పదకొండు ఆకులు, చిట్టచివర ఒక్క మొగ్గ. మెట్ల పక్కన నాటాడు. రోజూ ఆకులు లెక్కపెట్టేవాడు. నేను రోజూ మొగ్గ చూసేదాన్ని. జూన్ రెండో వారానికి మొగ్గ కొసన తెలుపు తొంగిచూసింది. ఆకులు మాత్రం కొంచెం వాలాయి. పండుగ ముందురోజు సైమి పొద్దుటి బస్సుకి వస్తుంది, నాలుగింటి బస్సుకి పోతుంది. ఆ మొగ్గ ఆ రోజుకి విచ్చుకుంటుందా లేదా అన్నదే మా ఇద్దరి ప్రాణం.

పండుగ ముందురోజు పొద్దున మొగ్గ సగం విచ్చుకుంది. తౌనో కొత్త చొక్కా తొడుక్కున్నాడు, మెడ దగ్గర మడత పెట్టిన గుర్తు ఇంకా ఉంది. పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక ఆడమనిషి రోడ్డు దాటి తౌనో పెరట్లోకి వెళ్ళింది. నేను సరిగ్గా నాలుగు నిమిషాలు ఆగాను. తర్వాత ఉప్పు అయిపోయిందని చిన్న గిన్నె పట్టుకుని వెళ్ళాను. మా ఇంట్లో మూడేళ్ళకి సరిపడా ఉప్పుంది.

వాళ్ళిద్దరూ మెట్ల పక్కన నిలబడి ఉన్నారు.

"ఇదేనా?" అంది సైమి.

"ఇదే."

"నాటి ఎన్నాళ్ళయింది?"

"నెల కాలేదు. చిన్నది. తెల్లగా పూస్తుంది."

"ఎక్కడిది?"

"దొంగిలించాను."

ఆవిడ పెదవి చివర కదిలింది. వంగి ఆకులు తాకింది, మట్టిలో వేలు గుచ్చి చూసింది. "పైన కత్తిరించకుండా నాటావేం?"

"మొగ్గ ఉంది కదా." టోపీ చేతుల్లో నలిపేస్తున్నాడు. "నువ్వు వచ్చేసరికి ఉండాలని."

సైమి మొగ్గని ఒకసారి చూసింది. తర్వాత, "కత్తెర ఉందా?" అంది.

తౌనో లోపలికి వెళ్ళి తెచ్చాడు. "అమ్మా, ఆ మొగ్గ..." అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు?"

"ఎదురింటిదాన్ని. ఉప్పుకి వచ్చాను."

"ఉప్పు లోపల ఉంటుందనుకుంటాను" అని, మొగ్గని చటుక్కున కత్తిరించేసింది. ఆ తర్వాత కొమ్మ. ఆ తర్వాత ఆకులతో సహా ఇంకో కొమ్మ. నేల మీద జానెడు పుల్ల మిగిలింది. తౌనో మొహం వాళ్ళమ్మ పోయినరోజులా ఉంది.

"ఏమీ మిగల్లేదు" అన్నాడు.

"వేళ్ళున్నాయి. కింద అరచేతిలో పట్టేటన్ని వేళ్ళు పెట్టుకుని పైన ఇంత మోస్తోంది, పిచ్చిది. ఇంకో వారం ఉంటే మొగ్గతోపాటు చచ్చేది." చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "పైపైన నాటావు కూడా. పార ఇలా పట్టుకురా. నీళ్ళు తే."

పార తెచ్చాడు. పండుగ బట్టల్లోనే ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పుల్లని పెకలించి, గొయ్యి లోతు చేసి, మళ్ళీ నాటడం మొదలుపెట్టింది. మధ్యలో లేచి భోజనం చేశారు. చేపలు, బంగాళాదుంపలు. ఉప్పు అయిపోయిందని వచ్చిన నన్నూ కూర్చోబెట్టారు, నా గిన్నె ఖాళీగా బల్ల మీద ఉంది. సైమి మళ్ళీ వెళ్ళి మట్టి అదిమింది, చుట్టూ కట్ట కట్టింది. తౌనో నీళ్ళు మోస్తూ ఒక్క మాట కూడా అడగలేదు. చెల్లెలి మాట, కుర్చీ మాట, ఏదీ. నాకు గొంతుదాకా వచ్చింది, మింగుకున్నాను.

నాలుగింటికి బస్సు మలుపు తిరిగిన చప్పుడైంది. సైమి తల ఎత్తలేదు. మట్టిలో చేతులున్నాయి. బస్సు ఆగింది. ఆగి ఉంది. ఇంక నా వల్ల కాలేదు.

"సైమి గారూ, బస్సండీ! ఇది పోతే మళ్ళీ సోమవారం దాకా లేదు!"

"తెలుసమ్మా" అంది. "ఎందుకలా అరుస్తారు? ఆ బాల్చీ ఇలా జరపండి."

బస్సు కదిలిపోయింది. దుమ్ము అణిగింది. తౌనో బాల్చీ పట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడ్డాడు, నీళ్ళు బూట్ల మీద కారుతున్నాయి.

సైమి చేతులు దులుపుకుంది. "తౌనో, బస్సాగేచోట నా పెట్టె ఉంది. నీలం రంగుది. మబ్బు పట్టింది, తడవకముందే తెచ్చిపెడతావా? బరువుగా ఉంటుంది, రెండు చేతులా పట్టుకో."

బస్సాగేచోటు మా వంటింటి కిటికీకి ఎదురుగా నూరడుగుల దూరం. నీలం రంగు పెట్టె, తలుపంత ఉంది. పొద్దున్నే బస్సులోంచి దించి అక్కడ పెట్టింది కాబోలు, అప్పటి నుంచీ అక్కడే ఉంది. నేనేమో మొగ్గని చూస్తూ దాన్ని చూడనే లేదు.